కనుమ పొంగలి ఆవుకు ఎంత పెట్టాలి?

ప్రశ్న: పోయిన కనుమనాడు మా ఆవుకు అందరూ ప్రేమగా పొంగలి పెట్టారు. మరునాడు మేత ముట్టలేదు, కడుపు ఉబ్బింది. ఎందుకలా? – ఒక రైతు, చంద్రగిరి మండలం

జవాబు: ఆవు పెద్దపొట్టలో గడ్డిని జీర్ణం చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. ఉడికిన అన్నం, బెల్లం ఒక్కసారిగా ఎక్కువ పడితే అవి వేగంగా పులిసి ఆమ్లం పేరుకుంటుంది. నెమరు ఆగుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. ఆనవాయితీకి పిడికెడు పొంగలి చాలు, అదీ ఎండుగడ్డి తిన్నాక. వీధిలో తిరిగే పశువుకు ప్రతి గడపలోనూ దోసెడు పెట్టడమే అసలు ముప్పు.

కనుమనాడు మరికొన్ని జాగ్రత్తలూ అవసరం. కొమ్ములకు తలుపుల రంగు కన్నా పసుపు, కుంకుమ మేలు. పండుగకు వేసే చిట్లాకుప్ప మంటకు పశువును దూరంగా ఉంచాలి, పశువు దగ్గర టపాకాయలు కాల్చకూడదు. రంగంపేట పశువుల పండుగ లాంటి గుంపుల్లోకి చూడి ఆవును, లేగను తోలడం తగదు.

ఎడమ డొక్క ఉబ్బినా, పుల్లని వాసనతో పారినా, పశువు లేవలేకపోయినా నూనె బలవంతంగా పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవాలి, లేదా పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయాలి.