ధరించే సెన్సర్లు – వీడియో ఆటలు: ఒక భౌతికశాస్త్ర పరిశీలన

ఇంటర్మీడియట్ తరగతిలో త్వరణాన్ని గురించి చదివి, పరీక్ష కాగానే మరచిపోయినవారు మనలో తక్కువేమీ కాదు. ఆ పాఠమే నేడు ఆటవస్తువై మనుష్యుల దేహాలనంటి తిరుగుతున్నది. 2019లో జపానుకు చెందిన నింటెండో సంస్థ వెలువరించిన రింగ్ ఫిట్ అడ్వెంచర్ అనే ఆటలో ఆటగాడు ఒక చిన్న పరికరాన్ని పట్టీతో ఎడమ తొడకు కట్టుకొంటాడు. మరొకదానిని అమర్చిన వలయాన్ని చేతులతో పట్టుకొంటాడు. నిలుచున్న చోటనే అతడు పరుగెత్తితే తెరమీది బొమ్మ పరుగెత్తుతుంది.

పరికరంలోని త్వరణమాపకంలో సూక్ష్మమైన సిలికాన్ దిమ్మ ఒకటి, స్ప్రింగుల వంటి సన్నని పట్టీలపై నిలిచి ఉంటుంది. దేహం కదలగానే అది రవ్వంత వెనుకబడుతుంది. ఆ ఎడమే విద్యుత్ సంకేతమవుతుంది. చిత్రమేమంటే, బల్లమీద కదలక ఉన్న మాపకం 9.8 మీ./సె.² చూపుతుంది, చేజారి పడుతున్నంతసేపూ దాదాపు సున్న చూపుతుంది! గురుత్వాకర్షణనూ త్వరణాన్నీ అది వేరుచేసి చూడలేదు. ఈ లోపమే ఇక్కడ ఉపకారం. నిలుచున్నప్పుడు తొడ నిట్టనిలువు, గుంజీ తీసినప్పుడు ఇంచుమించు అడ్డం. భూమి లాగే దిక్కునుబట్టి ఆ వంపు తెలిసిపోతుంది.

అయితే చేయి ఎక్కడ ఉన్నదో అది చెప్పగలదా? త్వరణాన్ని రెండుసార్లు సమాకలనం చేస్తే స్థానం రావాలి. లెక్క వేసి చూద్దాం. మాపకంలో 0.01 మీ./సె.² మాత్రమే స్థిరమైన దోషం ఉన్నదనుకొంటే, 10 సెకన్లకు అర మీటరు, ఒక నిమిషానికి 18 మీటర్ల తప్పు పేరుకొంటుంది. ఆటగాడు గదిలో, అతని చేయి వీధిలో! స్థానంకోసం బయటి సాయం కావాలి. 1989లో అమెరికాలో మాటెల్ సంస్థ అమ్మిన పవర్ గ్లవ్ అనే చేతొడుగు చెవికందని ధ్వనిని పంపగా, టెలివిజన్ చుట్టూ అమర్చిన గ్రాహకాలు దానిని అందుకొనేవి. ఆటగాళ్ళు దానిని అంతగా మెచ్చలేదు, అది వేరే సంగతి.

తొడపట్టీ ఆటకు స్థానంతో పనిలేదు. అడుగు పడినదా లేదా అన్నదే కావాలి. కాని ఎంత కదిలితే అడుగు అనాలి? ఆ హద్దును నిర్ణయించేది యంత్రం కాదు, ప్రోగ్రాము వ్రాసినవాడు. హద్దు ఎక్కువైతే, మోకాళ్ళ నొప్పులున్న వృద్ధుడు ఎంత శ్రమించినా కదలనట్లే లెక్క. తక్కువైతే, కుర్చీలో కూర్చొని కాలు ఆడించేవాడూ పరుగువీరుడే. రింగ్ ఫిట్ ఆట, ఆటగాడు వలయాన్ని ఎంత బలంగా నొక్కగలడో ముందుగా కొలిచి, ఆ బలాన్నే అతనికి కొలబద్దగా పెట్టుకొంటుంది. స్క్రూగేజికి శూన్యాంశ దోషం చూడకుండానే రీడింగులు వ్రాసుకొనే మన ప్రయోగశాల మిత్రులకు ఇది కొత్తగా తోచవచ్చు.