అసెండెన్సీ: ఒక అక్షరభేదం, మూడు భాషల ప్రయాణం

ఆంగ్ల వ్యాసపత్రాలను దిద్దునప్పుడు మాకు తరచు ఎదురయ్యే మాట ‘అసెండెన్సీ’. పైచేయి, ఆధిపత్యం అని దీని అర్థం. ‘డి’ అక్షరం తరువాత ఒక విద్యార్థి ‘ఎ’ వ్రాస్తాడు, మరొకడు ‘ఇ’ వ్రాస్తాడు. రెండవది తప్పని తలచి మాలో కొందరము ఎర్రసిరాతో కొట్టివేసిన మాట నిజం. నిఘంటువు తెరచి చూడగా రెండు రూపాలూ ఉన్నవి!

దీనికి మూలం ‘ఎక్కుట’ అనే అర్థం గల ఒక లాటిన్ క్రియ. లాటిన్‌లో దాని వర్తమాన కృదంతానికి ‘ఇ’ ఉన్నది. ఫ్రెంచివారు ఇట్టి కృదంతాలన్నిటినీ ‘ఎ’తో వ్రాస్తారు. ఆంగ్లం ఫ్రెంచి ద్వారా మాటను గ్రహించి, లాటిన్‌ను మరువలేక, రెండింటినీ నిలుపుకొన్నది. ‘ఎ’ గల రూపానికే నేడు ప్రచారం అధికం కనుక పరీక్షలో దానినే వ్రాయుట క్షేమం. ‘అసెండెన్స్’ అనే పొట్టి రూపమూ కలదు.

ఎక్కుట ఏలుటగా ఎట్లు మారినది? జ్యోతిషం వలన. జనన సమయాన తూర్పున ఉదయించే రాశికి ‘అసెండెంట్’ అని పేరు. 14వ శతాబ్దపు కవి చాసర్ ‘కాంటర్‌బరీ కథలు’లో వైద్యుని వర్ణిస్తూ ఈ జ్యోతిషార్థంలోనే ఆ మాట వాడినాడు. తెలుగువారి లగ్నం అదే. ఉర్దూలో ‘తాలే’ అదే; సూర్యోదయాన్ని చెప్పే ‘తులూ’ దానికి తోబుట్టువు. ఈ సంగతి మా తరగతిలో ఉర్దూ విద్యార్థులే మాకంటె త్వరగా గ్రహించినారు. ఉదయించే రాశి జీవితాన్ని శాసిస్తుందనే నమ్మకం వలన ఆంగ్లంలో ఆ మాట అధికారం వైపు నడిచినది. ఉర్దూలో అదృష్టం వైపు నడిచినది. ‘తాలేవర్’ అనగా భాగ్యవంతుడు. తెలుగులో లగ్నం పెండ్లిపందిరి చేరినది!

అనువాదంలో ఒక చిక్కు ఉన్నది. విద్యార్థులు దీనిని ‘ఆధిక్యం’ అని వ్రాస్తారు. ఆధిక్యం సంఖ్యలోనూ ఉండవచ్చును. 18వ శతాబ్దపు ఐర్లండ్‌లో ‘ప్రొటెస్టంట్ అసెండెన్సీ’ అనగా సంఖ్యలో తక్కువైన ఆంగ్లికన్ భూస్వామి వర్గపు పెత్తనం. జనంలో అత్యధికులైన కాథలిక్కులు పార్లమెంటులో కూర్చొనుటకు 1829 వరకు ఆగవలసి వచ్చింది. అచట ‘ఆధిక్యం’ అని వ్రాసినచో చరిత్ర తలక్రిందులవుతుంది. కావున ‘ఆధిపత్యం’ అనవలెను, ఉర్దూలో ‘గల్బా’.

‘ఇ’ వ్రాసినవారి పత్రాలు తిరిగి తెప్పించి మార్కులు కలిపినాము. ఒక పత్రం మాత్రం దొరకలేదు.