భూతద్దము

వార్తాపత్రికను చేయి చాచి, దూరముగా పట్టుకొని చదువు పెద్దలను మీరు చూచియుందురు. నలువది యేండ్లు దాటిన పిమ్మట కంటిలోని కటకము సాగుగుణమును క్రమముగా కోల్పోవును. అందుచే దగ్గరనున్న యక్షరములపై చూపు నిలువదు. దీనినే చత్వారమందురు. పత్రికను దూరముగా పట్టినచో అక్షరము స్పష్టమగును గాని చిన్నదగును. దగ్గరకు తెచ్చినచో పెద్దదగును గాని మసకబారును. ఈ చిక్కును విడదీయు సాధనమే భూతద్దము.

ఇది నడుమ దళసరిగను, అంచుల పలుచగను ఉండు గాజుబిళ్ల. శాస్త్రజ్ఞులు దీనిని కుంభాకార కటకమందురు. అక్షరము కటకపు నాభ్యంతరము కంటె దగ్గరగా నున్నపుడు, దానినుండి వచ్చు కిరణములు గాజులో వంగి, దూరముననున్న పెద్ద యక్షరమునుండి వచ్చినట్లు కంటిని చేరును. సామాన్యమైన కన్ను 25 సెంటీమీటర్ల కంటె దగ్గరి వస్తువును సుఖముగా చూడజాలదు. కావున 25ను నాభ్యంతరముచే భాగించినచో అద్దము యొక్క శక్తి తెలియును. నాభ్యంతరము 10 సెంటీమీటర్లైనచో అక్షరము రెండున్నర రెట్లు పెద్దదిగా కనబడును. అద్దము వెడల్పైనంత మాత్రమున శక్తి హెచ్చదు.

ఈ గుణమును ప్రాచీనులు గుర్తించిరి. నీటితో నింపిన గాజుగోళము గుండ చిన్న యక్షరములు పెద్దవిగా కనబడునని మొదటి శతాబ్దపు రోమను తత్త్వవేత్త సెనెకా వ్రాసెను. 1267 ప్రాంతమున ఆంగ్లేయుడైన రోజర్ బేకన్, గాజుగోళపు ఖండమును అక్షరములపై నుంచినచో వృద్ధులకు మేలు కలుగునని తెలిపెను. 1971లో ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువును రెండు సంపుటములుగా కుదించినపుడు, మూలములోని నాలుగు పుటలు ఒక్క పుటలో నిమిడెను. అందుచే ఆ సంపుటములతోపాటు భూతద్దమును కూడ జతపరచిరి.

చదువునపుడు అద్దమును మొదట పుటకానించి, అక్షరములు చక్కగా కనబడువరకు మెల్లగా పైకెత్తవలెను. వెలుగు పుటపై పడవలెను. చేయి వణకువారికి కాళ్లుగల అద్దము మేలు. పని ముగిసిన పిదప దానిని ఎండ తగులుచోట నుంచరాదు. అది సూర్యకిరణములను ఒకచోట కూర్చి కాగితమును కాల్చగలదు. దానిగుండ సూర్యుని ఎన్నడును చూడరాదు.

భూతద్దము కంటిజబ్బును మాన్పదు. చూపు మందగించిన పెద్దలను ముందుగా కంటివైద్యునికి చూపవలెను. అటుపిమ్మట మందుసీసాపై పేరును, గడువు తేదీని, దస్తావేజులోని సన్నని పంక్తులను వారు స్వయముగా చదువుకొనుటకు ఈ గాజుబిళ్ల తోడ్పడును. ఇతరులు చదివి చెప్పినచో విషయము తెలియును. కాని తాను సంతకము చేయు కాగితమును తన కన్నులతో చదువుకొనుటలో గల ధైర్యము వేరు. మీ యింటి పెద్దలకు ఆ ధైర్యమును కలిగించుట మీ చేతిలోని పని.