కారు మన చేతుల ఉన్నప్పుడు ఆయిల్ సంగతి మనకే తెల్వాలె

చెల్లె, జర ఇట్ల కూసో, చాయ్ తాగుకుంట కారు ముచ్చట మాట్లాడుకుందం. మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఎన్నో ఇండ్లల్ల ఇదే కథ కదా! ఇంటాయన దుబాయ్‌లనో మస్కట్‌లనో ఉంటడు, వాకిట్ల కారు మాత్రం మన భరోసా మీద ఉంటది. పిల్లల బడి, అత్తమ్మ దవాఖాన, పుట్టింట్ల పెండ్లి, అన్నిటికీ మనమే నడుపుకుంటం. నడుపుడు వచ్చింది, భయం పోయింది. కానీ సర్వీసింగుకు పోయినప్పుడు మెకానిక్ అన్న 'ఏ ఆయిల్ పొయ్యమంటవమ్మా?' అంటే మనకు నోరు పెగలదు. 'నీకు తెల్సింది పొయ్యి అన్నా' అని పక్కకు జరుగుతం. ఇంటికి వచ్చినంక బిల్లు చూసుకుంట ఒకటే గుబులు. మంచిదే పోసిండా? అసలు ఇప్పుడే మార్చుడు అవసరమా?

గుబులు పెట్టుకోకు. ఆ అన్న మనకు మంచి చెయ్యాలనే చూస్తడు, కానీ దినాం పది రకాల బండ్లు ఆయన చేతుల మీదికెళ్లి పోతయి. మన బండికి ఏం కావాలెనో మనమే చెప్తే ఆయనకూ అల్కగ ఉంటది. ఆ జవాబు ఎక్కడో లేదు, కారు కొన్ననాడు ఇచ్చిన బుక్కులనే ఉంది. సీటు ముంగట అరల, ఇన్సూరెన్స్ కాయితాల కింద ఉంటది చూడు. ఆయిల్ పేజీ తీసి ఫోన్ల ఫోటో కొట్టి పెట్టుకో. ఇగ ఏ షెడ్డుకు పోయినా ఆ ఫోటోనే చూపించు.

ఆ పేజీల 0డబ్ల్యూ-20 అనో, 5డబ్ల్యూ-30 అనో, పాత డీజిల్ బండి అయితే 15డబ్ల్యూ-40 అనో రాసి ఉంటది. చూసి బెదరకు. డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముంగటి అంకె ఎంత చిన్నగ ఉంటే, చల్లటి ఇంజిన్ల ఆ ఆయిల్ అంత తొందరగ పారుతది. ఆదిలాబాద్ చలిల కొబ్బరినూనె సీసల గడ్డ కట్టి, బోర్లిస్తే కూడా రాదు చూడు, చలికి ఇంజిన్ ఆయిల్ కూడా అట్లనే మందంగ అయితది. పొద్దుగాల స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ అన్ని మూలలకు అందేదాకనే ఇంజిన్‌కు అరుగుడు ఎక్కువ, అందుకే ఆ ముంగటి అంకెకు అంత విలువ. వెనుకటి అంకె, ఇంజిన్ మంచిగ వేడెక్కినంక, అంటే 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగ ఉంటదో చెప్తది.

ఇక్కడనే మనకు ఇంకో అనుమానం వస్తది. రామగుండం, ఆదిలాబాద్ దిక్కు ఎండకాలంల 45 డిగ్రీలు దాటుతది, గంత ఎండకు పల్చటి ఆయిల్ ఆగుతదా? షెడ్డు కాడ ఎవరో ఒకరు 'మన ఎండలకు చిక్కటి 20డబ్ల్యూ-50 పొయ్యాలె' అని చెప్పనే చెప్తరు. వాళ్లు మన మంచికే చెప్తరు, పాత బండ్లకు అది సరిపోయేది కూడా. కానీ బయట ఎండ ఎంతున్నా, ఇంజిన్ వేడిని రేడియేటరు, కూలెంటు కలిసి ఒక హద్దుల పట్టి ఉంచుతయి. ఇప్పటి ఇంజిన్లల ఆయిల్ పోయే దారులు సన్నగ ఉంటయి. చిక్కటిది పోస్తే చివరిదాక అందుడు ఆలస్యమైతది, మైలేజీ కూడా తగ్గుతది. కొన్ని బుక్కులల్ల వేడి ప్రాంతాలకు ఒకటి కంటే ఎక్కువ నంబర్లు ఇస్తరు. అట్లుంటే వాటిలనే ఒకటి తీసుకో, బుక్కుల లేనిది మాత్రం వద్దు.

నంబరు తర్వాత చూడాల్సినయి అక్షరాలు. డబ్బా మీద ఏపీఐ అని గుండ్రటి గుర్తు ఉంటది, అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ప్రమాణం. పెట్రోల్ బండ్ల ఆయిల్‌కు ఎస్‌తోటి, డీజిల్ ఆయిల్‌కు సీతోటి మొదలైతది. పెట్రోల్ వాటిలల్ల ఎస్‌ఎన్ 2010ల వచ్చింది, ఎస్‌పీ 2020ల వచ్చింది. బుక్కుల ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ పోసుకోవచ్చు, పాతదాని దిక్కు మాత్రం పోవద్దు. నీది 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండి అయితే ఇంకింత పైలం. పొగల మసిని పట్టే ఫిల్టర్ ఉన్న బండ్లకు బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలె. బుక్కుల సీ2, సీ3 అని ఏపీఐ కాని వేరే ప్రమాణం రాసి ఉంటే అచ్చం అదే అడుగు. వేరేది పోస్తే ఆ ఖరీదైన ఫిల్టర్ మెల్లగ పూడుకపోతది.

'సింథటిక్ అంటరు, ధర చూస్తే గుండె ఝల్లుమంటది అక్కా' అంటవా? నాకు తెల్సు. బుక్కుల 0డబ్ల్యూ-20 ఉంటే అది సింథటిక్‌గనే దొరుకుతది, అక్కడ పైసలు మిగుల్చుకుందామని చూడొద్దు. పాత బండికి బుక్కు 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 చెప్తే మామూలు మినరల్ ఆయిల్ చాలు, పక్కింటోళ్లు ఖరీదుది పోసిండ్రని మనం పొయ్యక్కర లేదు. అన్నట్టు, కారుకు కొన్నదాంట్ల మిగిలింది కదా అని గేరు మోటర్‌సైకిల్‌ల పొయ్యకు. దాని క్లచ్ ఆయిల్‌లనే తడిసి ఉంటది, కారు ఆయిల్ పోస్తే జారే ప్రమాదం ఉంది. దానికి జాసో ఎంఏ అని రాసి ఉన్నదే కొను.

ఇగ ఎప్పుడు మార్చాలె? మనం ఎక్కువగ ఏమరపాటు పడేది ఇక్కడనే. శానా పెట్రోల్ కార్లకు 10,000 కిలోమీటర్లు, లేకుంటే ఒక సంవత్సరం, ఏది ముందొస్తే అది అని రాస్తరు. మనం ఏమనుకుంటం? 'ఏడాదిల నాలుగు వేలు కూడా తిరగలే, ఇంకా మస్తు టైముంది' అనుకుంటం. అట్ల కాదు చెల్లె. బడికి, అంగడికి రెండు మూడు కిలోమీటర్లు పోయి బంద్ చేసే బండికి ఇంజిన్ సరిగ్గ వేడెక్కదు. లోపల చేరిన తేమ, కాలని పెట్రోల్ ఆవిరై పోక ఆయిల్‌లనే కలుస్తయి. ఇంటి పట్టున ఉండే కారుకు మీటరు కంటే క్యాలెండరే ముఖ్యం. నడుమ నడుమ రాజీవ్ రహదారి మీద అర్ధగంట మంచిగ నడిపితే ఆ తేమ పోతది. గ్రానైట్ క్వారీల దిక్కు దుమ్ము తొవ్వలల్ల దినాం తిరిగే బండి అయితే, బుక్కుల కఠిన పరిస్థితులు అని వేరే గడువు ఉంటది, దాని ప్రకారం ముందుగాలనే మార్చాలె.

నెలకొకసారి గేజు చూసుడు అలవాటు చేసుకో, పోపు పెట్టేంతసేపు కూడా పట్టదు. బండి సమానమైన జాగల పెట్టి, ఇంజిన్ బంద్ చేసి పది నిమిషాలు ఆగు. బోనెట్ లేపితే పసుపుపచ్చదో నారింజదో చిన్న కొండి కనపడుతది. అది గుంజి, నూలుబట్టతోటి తుడిచి, మళ్ల పూర్తిగ లోపలికి దింపి, ఇంకోసారి గుంజి చూడు. రెండు గుర్తుల నడుమ ఆయిల్ తడి ఉంటే నిమ్మళంగ ఉండు. కిందికి ఉంటే అదే నంబరు ఆయిల్ కొంచెం కొంచెం పోసుకుంట చూడు. పై గుర్తు దాటనియ్యకు, ఎక్కువైతే లోపల నురగ పట్టి ఇంజిన్‌కే చేటు. డీజిల్ బండిల ఆయిల్ తొందరగనే నల్లబడుతది, అది మసి, దానికి భయపడకు. పాలు కలిసినట్టు తెల్లగ కనపడితే మాత్రం బండి తియ్యకుండ మెకానిక్‌ను పిలువు.

షెడ్డుల కుర్చీ ఏస్తరు, కూసోకు, బండి కాడ నిలబడు. సీలు ఉన్న డబ్బా నీ ముంగట తెరవాలె. ఇంజిన్ గోరువెచ్చగ ఉన్నప్పుడు పాత ఆయిల్ దించితే మడ్డి కూడా మంచిగ దిగుతది. ఆయిల్ ఫిల్టర్ కొత్తది, డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది పెట్టమని చెప్పు. కొత్త ఫిల్టర్ రబ్బరుకు వేలితోటి ఇంత ఆయిల్ రాసి బిగిస్తే, అది పనితనమున్న చెయ్యి అని తెల్సుకో. చిన్న కార్లకు మూడు, మూడున్నర లీటర్లు పడతయి, పెద్ద డీజిల్ బండ్లకు ఐదారు. నీ బండి లెక్క ఆ ఫోటోలనే ఉంటది. ఆఖరుకు ఖాళీ డబ్బాకు ఒక పోటు పొడిపించు, మళ్ల ఎవరూ దాంట్ల నకిలీ నింపకుండ. బిల్లు అడిగి తీసుకో, వారంటీ ఉన్న బండికి అది శానా అవసరం.

పాత ఆయిల్ మోరీల పోస్తుంటే ఊకోకు. మోరీల పడ్డది నాలాకు, నాలాల నుంచి మానేరుకు, మానేరు నుంచి గోదావరికి పోతది, ఆ నీళ్ల మీద బతికేది మనమే. వాడిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థాల లెక్కల పెట్టినయి. డ్రమ్ముల పోసి, తీసుకపోయి శుద్ధి చేసే అనుమతి ఉన్నోళ్లకు ఇచ్చే షెడ్డునే చూసుకో.

ఇంకొక్క మాట, ఇది మాత్రం ఎన్నడూ మర్వకు. నడుపుతుంటే మీటర్ల ఎర్రటి ఆయిల్ డబ్బా గుర్తు వెలిగిందంటే లోపల ఆయిల్ ప్రెజరు పడిపోయిందని అర్థం. 'ఇంటిదాక పోతే చాలు' అనుకోకు. పక్కకు తీసి అక్కడనే బంద్ చెయ్యి, గేజు చూడు, ఫోన్ చెయ్యి. ఆ రెండు కిలోమీటర్లకే ఇంజిన్ సీజ్ అయితే వేల రూపాయల ఖర్చు.

దసరాకు బండి కడిగి, బంతిపూల దండేసి పూజ చేస్తం. కొందరం కొండగట్టు దాక పోయి అంజన్న ముంగట టెంకాయ కొట్టిస్తం. గడువు తప్పకుండ ఉండాలంటే ఏటా ఆ పండుగకు ముందువారమే ఆయిల్ మార్పిచ్చుకో, తారీఖు, మీటరు అంకె ఒక చిట్టీల రాసి బుక్కుల పెట్టు. ఇగ లే, చాయ్ గ్లాసులు నేను కడుగుత గాని, నువ్వు పోయి కార్ల నుంచి ఆ బుక్కు పట్టుకరా.