పెద్దపేగులో కొవ్వుగడ్డ: భయమూ వద్దు, అశ్రద్ధా వద్దు



మలంలో రక్తం కనబడితే మన ఏర్పేడు పల్లెల్లో చాలామంది "మొలలే" అనుకొని నాటుమందుతో నెలలు గడుపుతారు. మరికొందరు పేగులో గడ్డ ఉందనగానే క్యాన్సరని కుంగిపోతారు. పరీక్ష చేయకుండా ఈ రెండూ అనుకోకూడదు.

పాలిప్ అంటే ఏమిటి?

పెద్దపేగు సుమారు ఐదడుగుల పొడవుంటుంది. దాని లోపలి గోడపై పుట్టగొడుగులా మొలిచే కండను పాలిప్ అంటారు. సాధారణంగా కనిపించేది అడినోమా. దీన్ని వదిలేస్తే కొన్నేళ్లకు క్యాన్సరుగా మారవచ్చు. లైపోమా అనే కొవ్వుగడ్డ అరుదు. ఇది లోపలిపొర కింద పెరుగుతుంది, క్యాన్సరుగా మారదు. ఎక్కువగా 50 ఏళ్లు దాటినవారిలో, పేగు కుడివైపున కనబడుతుంది.

చిన్నదైతే ఏ బాధా ఉండదు. 2 సెంటీమీటర్లు దాటితే కడుపునొప్పి, రక్తస్రావం, విరేచనాల్లో మార్పు రావచ్చు. ఒక్కోసారి గడ్డ లాగడం వల్ల పేగు పేగులోకి దూరుకొని అడ్డుపడుతుంది. అది అత్యవసర పరిస్థితి.

ఎలా గుర్తిస్తారు?

కొలనోస్కోపీలో గడ్డ నున్నగా, పసుపుగా కనబడుతుంది. పట్టుకారుతో నొక్కితే దిండులా లోపలికి పోయి మళ్లీ లేస్తుంది. పైపొర ముక్క తీసి చూస్తే లోపలి కొవ్వు దొరకకపోవచ్చు. సందేహముంటే సి.టి. స్కాన్‌లో కొవ్వు స్పష్టంగా తెలుస్తుంది.

ఎలా తీస్తారు?

కొలనోస్కోపు ద్వారా పాలిప్‌లను తీయడం 1969లో న్యూయార్క్‌లో డాక్టర్ హిరోమి షిన్యా, డాక్టర్ విలియం వుల్ఫ్‌లతో మొదలైంది. తీగ ఉచ్చును గడ్డ మొదలుకు బిగించి, కరెంటుతో కోస్తారు. కొవ్వులో నీరు తక్కువ కనుక కరెంటు సరిగా పారదు. ఎక్కువసేపు వేడి పెడితే పేగుకు రంధ్రం పడే ప్రమాదముంది. అందుకే కాడ ఉన్న పెద్ద గడ్డకు ముందు నైలాన్ ఉచ్చుతో మొదలును కట్టేస్తారు. వెడల్పు మొదలున్న మరీ పెద్ద గడ్డలకు ఆపరేషనే మేలు. బాధ లేని చిన్నవాటిని తీయనక్కరలేదు. తీసిన గడ్డను తప్పక ల్యాబ్‌కు పంపాలి.

మీరు చేయవలసినవి

• ముందురోజు డాక్టరు చెప్పిన ద్రవాహారమే తీసుకొని, విరేచనాల మందు పూర్తిగా తాగండి. పేగు శుభ్రంగా లేకపోతే గడ్డ కనబడదు.
• రక్తం పలచబరిచే మాత్రలు, షుగరు మందులు వాడుతుంటే ముందే చెప్పండి. సొంతంగా ఆపవద్దు.
• గడ్డ తీశాక తీవ్రమైన కడుపునొప్పి, జ్వరం, రక్తస్రావం ఉంటే వెంటనే ఆసుపత్రికి రండి.

మలంలో రక్తం, కారణం లేని రక్తహీనత, బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయవద్దు. ఏర్పేడు వారికి తిరుపతిలోని స్విమ్స్ దగ్గరే. వేలూరు సి.ఎం.సి.లోనూ ఈ వైద్యం ఉంది. సిగ్గుపడి దాచుకోకండి. దేవుడిచ్చిన ఈ దేహాన్ని కాపాడుకోవడం మన బాధ్యత. ఆయన మీ కుటుంబములను దీవించును గాక.