వెనుక వరుస సమాధానము

ఓరుగల్లు ఉన్నత పాఠశాలలలో ఆంగ్లపాఠము జరుగు వేళ ఒక వింత కానవచ్చును. విరామమున ఆవరణమంతయు మారుమ్రోగునట్లు కేకలిడిన బాలబాలికలే, గంట మ్రోగి ఆంగ్లోపాధ్యాయుడు ప్రవేశించినంతనే మౌనము వహింతురు. ప్రశ్న వేయగా ముందు వరుసలోని ఇద్దరు ముగ్గురు చేతులెత్తుదురు. తక్కినవారు పుస్తకములలో తలలు దూర్చుదురు.

ఈ మౌనము మందబుద్ధి లక్షణము కాదు. ఇంట కొందరు తెలుగును, కొందరు లంబాడీని, మరికొందరు ఉర్దూను విందురు. ఆంగ్లము బడిగోడల నడుమ తప్ప పెక్కుమంది చెవిని బడదు. పైగా తెలుగు వాక్యమున క్రియ చివర నిలుచును. ఆంగ్లమున కర్త వెంటనే వచ్చును. బాలుడు తన తలంపును ఆ వరుసకు మార్చుకొనులోపల ప్రశ్న మఱియొకనికి పోవును. అన్నిటికంటె పెద్ద భయము నవ్వు. ఒక్కమారు తప్పు పలికినందుకు తరగతి నవ్వినచో, ఆ పిల్లవాడు ఏడాదిపాటు నోరు విప్పకపోవచ్చును.

పూర్వులకును ఇట్టి చిక్కు తప్పలేదు. 1948 వరకు, నిజాం పాలనలో, ఇచ్చటి ఉన్నత పాఠశాలలలో బోధన ప్రధానముగా ఉర్దూలో సాగెను. తెలుగు బాలుడు పరభాషలో లెక్కలు నేర్చి, ఆంగ్లమును మరియొక పరభాషగా చదివెను. 2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. కావున ఆంగ్లపాఠమున మౌనియైనవాడు సామాన్యశాస్త్రమునను మౌనియగు ప్రమాదమున్నది.

మరి నోరు విప్పించుటెట్లు? 1970 దశకమున అమెరికాలో మేరీ బడ్ రో అను విదుషి సామాన్యశాస్త్ర తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిమ్మట సుమారు 1 సెకను మాత్రమే వేచియుందురని కనుగొనెను. 3 సెకనులు ఓపిక పట్టినచోట సమాధానములు దీర్ఘములయ్యెను; అంతవరకు పలుకనివారును పలికిరి. 3 సెకనులనగా వేయిస్తంభాల గుడిలో ఒక స్తంభమునుండి మరియొక స్తంభమునకు నడుచునంత కాలము!

మన దేశమున 1979 నుండి 1984 వరకు బెంగుళూరు కేంద్రముగా ఎన్. ఎస్. ప్రభు ఒక ప్రయోగము నడిపెను. వ్యాకరణసూత్రములు వల్లెవేయించుటకు మారుగా పటములు, రైళ్ల కాలపట్టికలు చేతికిచ్చి సమస్యలను తేల్చుమనిరి. మనస్సు అర్థముపై నిలిచినప్పుడు భాష పట్టుబడునని ఆయన తలంపు.

కాజీపేట కూడలి చెంతనుండగా ఓరుగల్లు బాలునకు వేఱు పరికరమేల? ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఒకడు పట్టిక చూచి చెప్పుచు, ఒకడు అడుగుచు, సికింద్రాబాదు చేరు వేళను లెక్కించు తరగతిని ఊహింపుడు. రైల్వే కార్మికుని బిడ్డ వెనుక వరుసనుండి “ట్రైన్ లేట్ సార్” అనును. వాక్యమున క్రియ లేదు. ఉపాధ్యాయుడు దానిని దిద్దక, ఎంత ఆలస్యమని ఆంగ్లముననే అడిగి వేచియుండును. ఆమె కొంత తడవు యోచించి, “ట్వెంటీ మినిట్స్” అనును. ఎవరును నవ్వరు. అందఱును ఆ 20 నిమిషములను తమ లెక్కలో కలుపుకొనుచుందురు.