డ్రయర్ వెనక గొట్టం చూశారా?

అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన మన పిల్లల ఇళ్ళకు ఎప్పుడు వెళ్ళినా ఒకటే వరస. ఏది ఆగిపోయినా వాళ్ళకు రెండే దారులు: మెకానిక్‌కు ఫోన్ చేయడం, లేదా కొత్తది కొనడం. మనిషి గడప తొక్కినందుకే డాలర్లు పుచ్చుకునే దేశమిది. మేం తగలేసింది చాలదా, మీరూ తగలేయాలా?

అద్దె ఇల్లయితే స్క్రూడ్రైవర్ జోలికి పోకండి, లీజింగ్ ఆఫీసుకు రాయండి. సింకు కింది డిస్పోజల్ మూలిగి ఆగిపోతే స్విచ్ ఆపి, అడుగున నడిమధ్య ఉండే రంధ్రంలో అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పి, ఎర్ర బటన్ నొక్కండి. అన్నం, కరివేపాకు రెబ్బలు అందులో పడేయకండి. ఊరి నుంచి తెచ్చిన మిక్సీ ఇక్కడి 120 వోల్టులకు పనిచేయదు, ఇక్కడి కరెంటుకు తగ్గది కొనుక్కోండి. మైక్రోవేవ్ మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

ఇక డ్రయర్. మా ఇంట్లో డ్రమ్ము తిరిగేది, బట్టలు మాత్రం తడితడిగానే వచ్చేవి. వచ్చినాయన హీటర్ దగ్గరున్న థర్మల్ ఫ్యూజ్ మార్చి, బిల్లు చేతిలో పెట్టి వెళ్ళాడు. కొద్ది రోజులకే మళ్ళీ అదే కథ, అదే బిల్లు. వేడి హద్దు మీరితే తెగిపోవడమే ఆ ఫ్యూజ్ పని. వేడి ఎందుకు హద్దు మీరుతోందో చూడాలి కదా! చివరికి ప్లగ్గు పీకి, డ్రయర్‌ను ముందుకు జరిపి, వెనక గొట్టం ఊడదీశాను. బూడిదరంగు పీచు అంచుదాకా కూరుకుపోయి ఉంది. మన నూలు తువ్వాళ్ళు, లుంగీలు, దుప్పట్లు రాల్చిన పీచే అదంతా. వేడిగాలి బయటికి పోయే దారే లేదు. ఆ పీచు అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. డ్రయర్ల వల్ల ఇళ్ళు తగలబడటానికి వాటిని శుభ్రం చేయకపోవడమే ప్రధాన కారణమని ఇక్కడి అగ్నిమాపక శాఖ ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంది.

ఎలక్ట్రిక్ డ్రయర్‌కు 240 వోల్టులు, రెండు లైన్లలో వస్తాయి. ఒక లైను పోతే కొన్నిసార్లు డ్రమ్ము తిరుగుతుంది గానీ వేడి రాదు. కాబట్టి ముందు బ్రేకర్‌ను పూర్తిగా ఆపి మళ్ళీ వేయండి. అయినా వేడి రాకపోతే ప్లగ్గు పీకి, ఫ్యూజ్‌కు ఒకవైపు వైరు తప్పించి మల్టీమీటర్ పెట్టండి. బీప్ రాకపోతే ఫ్యూజ్ పోయినట్టే. తలుపు దగ్గరి మోడల్ నంబరుతో వెతికితే కొత్తది దొరుకుతుంది. గొట్టం శుభ్రం చేయకుండా మాత్రం ఫ్యూజ్ మార్చకండి. మళ్ళీ చెబుతున్నాను, ముందు గొట్టం, తర్వాతే ఫ్యూజ్.

ఈమధ్య ఒకబ్బాయి ఫ్యూజ్ తీసేసి, రెండు వైర్లూ కలిపేసి, "డైరెక్ట్ ఇచ్చేశానండీ, భేషుగ్గా తిరుగుతోంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పసిబిడ్డ పడుకునే ఇల్లయ్యా అది!

ఆ అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. ఊళ్ళో ఫ్యూజ్ కొట్టేస్తే నాన్న బల్ల ఎక్కి, పింగాణీ ఫ్యూజ్ పీకి, వైరులోంచి రాగి పోగు లాగి చుట్టి, మళ్ళీ గుచ్చేవారు. కింద టార్చి పట్టుకునే పని నాది. ఫ్యాను తిరగగానే అమ్మ ముఖం విచ్చుకునేది. ఆ ఇంట్లో డ్రయర్ ఎందుకుంటుంది? డాబా మీద దండెం, పైన ఎండ. మధ్యాహ్నానికి దుప్పట్లు పెళపెళలాడుతూ ఆరేవి. ఆ ఎండ వాసన కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది. ఊరి నుంచి ఎన్నయినా తెచ్చుకోండి గానీ, ఆ తీగ చుట్టే పద్ధతి తెచ్చుకోకండి. ఇక్కడివి చాలావరకు చెక్కతో కట్టిన ఇళ్ళు.

డ్రయర్ జల్లెడలో పీచు ప్రతి వాయికీ తీసేయండి. గొట్టం ఏడాదికొకసారి దులపండి. ప్లాస్టిక్ గొట్టమయితే పీకేసి లోహపుది వేయండి. గ్యాస్ డ్రయర్ అయితే గ్యాస్ పైపు ముట్టుకోకుండా తెలిసినవాళ్ళను పిలవండి. కొత్త ఇంట్లో పెట్టెలు విప్పకముందే డ్రయర్ వెనక గొట్టం చూడండి.